కిడ్నీలు బాగున్నాయి

పోయిన వారం మనం సుస్మితను కొబ్బరితోటలో నులకమంచం మీద పడుకోబెట్టి వచ్చాం. పదిహేడేళ్ల పిల్ల. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు ఎలాగో రాసి ఇంటికొచ్చింది, ఆ పడుకోవడం పడుకోవడమే. పొద్దున్న లేస్తే వాంతి. అన్నం ఉడికే వాసన పడదు. కళ్ల కింద వాపు. ఈ మూడు లక్షణాలూ చెబితే వేరే ఊళ్లో ఎవరేమనుకుంటారో గానీ, ఉద్దానంలో మాత్రం కిడ్నీ జబ్బే, రెండో మాట ఉండదు. తండ్రి చిన్నారావుకి అన్న ఒకాయన ఉండేవాడు. మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు పలాస వెళ్లి రక్తం కడిగించుకుని, ఆఖరికి అదే తోటలో కన్నుమూశాడు. అందుకే కూతురు మూడోసారి వాంతి చేసుకున్న రోజు తల్లి ధనమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు, నట్టింట్లో కూలబడి ఏడ్చింది. చిన్నారావు ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మాట ఊరు దాటింది. పలాసలో యూట్యూబ్ ఛానల్‌కు పనిచేసే ప్రమోదిని కెమెరా పట్టుకుని వచ్చింది, వీడియో తీసుకుని పోయింది. పన్నెండు లక్షలమంది చూశారు. వాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. సుస్మితకు నెల తప్పి మూడో నెల నడుస్తోంది.

వైశాఖం ఎండ. తోటలో మాత్రం ఎండ ముక్కలు ముక్కలుగా రాలి, గాలికి అటూ ఇటూ జరుగుతోంది. అక్కుపల్లి వైపు నుంచి సముద్రం హోరు సన్నగా వినిపిస్తూనే ఉంది. సుస్మిత వెల్లకిలా పడుకుని ఫోన్‌లో తనను తానే చూసుకుంటోంది. ఎన్నోసారో లెక్క లేదు.

ఆ ఫోన్‌లో పిల్ల ఎంత బాగుంటుందో! మెల్లగా నడుస్తుంది. కొబ్బరి చెట్టుకి ఆనుకుని ఎటో చూస్తుంది. వెనకాల ఏడుపు సంగీతం. "ఉద్దానంలో రాలిపోతున్న మరో మొగ్గ" అని ప్రమోదిని గొంతు వణుకుతుంది. కింద వేలమంది దండాలు పెడతారు, దేవుడికి మొక్కుతారు. ఆ పిల్లను ఎవరూ తిట్టరు. ఎక్కడికెళ్లావు, ఎవరితో మాట్లాడావు, అని ఒక్కరు కూడా అడగరు. జబ్బు చేసిన పిల్లను ఏమడుగుతారు? మొదట్లో సుస్మిత భయంతోనే ఊరుకుంది. రానురాను ఆ పిల్ల తనే అనిపించసాగింది. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతున్నట్టు ఉండేది ఆమెకు. మత్తులో ఒక్కోసారి నిజంగానే కిడ్నీలు పోయాయేమో అనుకునేది, అనుకుని కాస్త హాయిపడేది కూడా. చచ్చిపోవడం కంటే చెప్పడం కష్టమనిపించే వయసు అది.

ఆమె తప్పు మాత్రం ఏముంది? అలాంటి ఆడపిల్లల కథ ఆమె ఎన్నిసార్లు చూడలేదు! సినిమాలో ఒక్క వాంతి అయితే చాలు, పెళ్లయిన పిల్లకు మిఠాయిలు పంచుతారు, పెళ్లికాని పిల్లకు ఉరుములూ మెరుపులూ పెడతారు. ఆ వానలో ఆ పిల్ల రైలు పట్టాల మీదికి పరిగెత్తాలి. టీవీ సీరియల్లో అయితే అదే పిల్ల రెండొందల రోజులు ఏడ్చి, మోసం చేసినవాడి చేతే తాళి కట్టించుకుని పండగ చేసుకుంటుంది. ఆస్పత్రికి వెళ్లి, డాక్టరుతో మాట్లాడి, ఇంటికొచ్చి అన్నం తిని, మళ్లీ కాలేజీకి వెళ్లిన పిల్లను ఏ తెర మీదా సుస్మిత చూడలేదు. ఆ దారి ఉందనే తెలియదు.

"సుస్మీ! ఓలే సుస్మీ!"

తోట గేటు దగ్గర స్కూటీ ఆగింది. ఆశా కార్యకర్త రత్నాలమ్మ దిగింది. చిన్నారావుకి వరసకు అక్క అవుతుంది, సుస్మితకు మేనత్త. నాలుగు రోజుల కింద సుస్మిత రక్తం తీయించి పరీక్షకు పంపింది ఆమే. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. ఇంట్లోంచి ధనమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. చిన్నారావు పొద్దున్నే జీడిపిక్కల బస్తాలు వేసుకుని పలాస వెళ్లాడు.

"ఎంతొచ్చింది వొదినా?" అంది ధనమ్మ. ఆ ఊళ్లో సంతకం రాని ఆడవాళ్లకు కూడా కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ అంకె ఎంతుంటే మంచిదో, ఎంతుంటే చెడ్డదో కంఠతా వచ్చు.

"పాయింట్ ఏడు."

"ఏడా!"

"ఏడు కాదే తల్లీ. పాయింట్ ఏడు. నీకూ నాకూ కూడా అంత బాగుండదు. మన సుస్మి గుంట కిడ్నీలు బాగున్నాయి."

ధనమ్మ చేతులెత్తి ఆకాశానికి దండం పెట్టింది, రత్నాలమ్మకు పెట్టింది, ఆ కాగితానికి పెట్టింది. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది ఆమెకు. వెంటనే కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "బొండం తాగుతావే? నెల్రోజుల్నుండి అడుగుతన్నావు" అంది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లు పనికిరావు. ఉద్దానంలో పుట్టిన ఎవరికైనా ఆ సంగతి తెలుసు. అందుకే ఇన్ని చెట్ల కింద పడుకుని నాలుక పిడచకట్టుకుపోతున్నా, సుస్మితకు ధనమ్మ గుక్కెడు బొండం నీళ్లు పోయలేదు. పొయ్యకుండా వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. ఇప్పుడు దోటి పట్టుకుని, కొంగు బిగించి, తోట ఆ చివర ఉన్న పొట్టి చెట్టు వైపు చిన్నపిల్లలా పరిగెత్తింది. పరిగెత్తుతూనే చెవికి ఫోన్ ఆనించుకుంది.

రత్నాలమ్మ ఆమె వెళ్లినంత దూరమూ చూసి, మంచం పట్టె మీద కూర్చుంది. కాగితం మడత మళ్లీ మడతపెట్టింది.

"అయితే వాంతులెందుకే సుస్మీ?"

సుస్మిత కొబ్బరాకుల వంక చూస్తోంది.

"నెలనెలా నాప్కిన్ల ప్యాకెట్టు ఇచ్చేను. తీసుకున్నావు. పుస్తకంలో సంతకం ఎట్టేవు. వాడేవా?"

 గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సుస్మిత చెయ్యి దుప్పటి పైకి లాక్కుంది. మూడు ప్యాకెట్లూ విప్పకుండా పాత పుస్తకాల పెట్టెలో అడుగున ఉన్నాయి.

"నాను ఇరవై ఊళ్ల గుంటల్ని సూసేను. నడక సూసి సెప్పగల్ను. నీ మొకం సూసి నాను కూడా కిడ్నీ అనేసుకున్నాను. ఈ నేల మీద పుట్టినోళ్లకి ఇంకోటి తోచదు కాబోసు." రత్నాలమ్మ గొంతులో కోపముంది. అది ఎక్కువగా తన మీదే. "ఆ కళ్ల కింద వాపేటి మరి?"

"ఏడిస్తే ఉబ్బదా అత్తా?" అంది సుస్మిత. నెల రోజుల్లో ఆమె నోట వచ్చిన మొదటి నిజం అదే.

అంతే, ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. దుప్పట్లో మొహం పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. టెక్కలిలో డిప్లొమా చదివిన మణికంఠ. ఇరవై ఏళ్లు. కాలేజీ బస్సులో పరిచయం. ఇప్పుడు విశాఖలో పనికి కుదిరాడు. నెల తప్పిందని ఫోన్‌లో చెబితే, "జోక్ చెయ్యకు" అని నవ్వి పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. వారానికి ప్రమోదిని వీడియో వచ్చింది. అప్పుడు మాత్రం మెసేజ్ పెట్టాడు, "సారీ సుస్మీ, నీకు కిడ్నీ ప్రాబ్లెం అని తెలీదు. త్వరగా కోలుకో" అని. ఊరంతా ఒకలా పొరబడితే, వాడు ఇంకోలా పొరబడి, నెల తప్పింది జబ్బు వల్లే అనుకుని, గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. మణికంఠ అనే పేరు ఒక్కటి తప్ప మిగిలినదంతా సుస్మిత పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"ఏటవుద్దో తెల్దా నీకు? ఎలగ ఆపుకోవాలో తెల్దా?" అంది రత్నాలమ్మ.

"ఎవరు చెప్పారు అత్తా? ఆ ప్రత్యుత్పత్తి పాఠం మేడమ్ ఇంటి దగ్గర చదువుకోండి అంది. సగంమంది ఆ పేజీలు పిన్ను కొట్టేశారు."

రత్నాలమ్మ తల దించుకుంది. పోయిన ఏడాది ఆ కాలేజీకి ఆమే వెళ్లింది. ఐరన్ మాత్రల గురించి చెప్పండి చాలు, మిగతా ముక్కలొద్దు, పిల్లలు చెడిపోతారు అన్నారు. సరేనని ఐరన్ మాత్రలే చెప్పి, టీ తాగి వచ్చేసింది. ఆ టీ ఇవాళ గొంతుకు అడ్డం పడుతున్నట్టుంది ఆమెకు.

"సర్లే. ఇప్పుడిను. ఎవులో ఇచ్చిన మాత్రలు మింగకు, సచ్చిపోతావు. రేపు నాతో ఆస్పత్రికి వత్తావు. డాక్టరమ్మ వయసడుగుద్ది. పద్దెనిమిది నిండలేదు గనక పోలీసులకి తెలపాలి, అది సట్టం. నీ పేరు బయటికి పొక్కకూడదు, అదీ సట్టమే. పెళ్లి సేసేస్తే తీరిపోద్దని ఎవుడన్నా అంటే నా కాడికి పంపు. ఏం సేసినా నీ మాట, మీ అమ్మ సంతకం. ఇనబడిందా?"

వెనకాల ఏదో నేల మీద పడింది. ఇద్దరూ తిరిగి చూశారు. ధనమ్మ నిలబడి ఉంది. చెక్కిన బొండాలు రెండు. ఒకటి ఆమె చేతిలో ఉంది, ఒకటి కాళ్ల దగ్గర దొర్లి నీళ్లు ఇసకలోకి ఇంకుతున్నాయి. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

సుస్మిత కళ్లు గట్టిగా మూసుకుంది. ఇప్పుడు ఉరుము వినిపిస్తుంది అనుకుంది. ఆకుల గలగల తప్ప ఏమీ వినిపించలేదు.

"వొదినా," అంది ధనమ్మ చివరికి. "సచ్చిపోదు గదా?"

"సచ్చిపోదు."

"రక్తం కడగక్కర్నేదు గదా?"

"అక్కర్నేదు ధనమ్మా."

ధనమ్మ మంచం పక్కన ఇసకలో చతికిలబడింది. నవ్వింది. నిజంగానే నవ్వింది, పెద్దగా. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపై పోయింది. లేచి కూతురి వీపు మీద రెండు దెబ్బలు వేసింది, చెయ్యి నొప్పెట్టేలా. వేసిన చోటే నిమిరింది. "నాకు సెప్పనేదేటే? నీకు పాడె కట్టుకుంటన్నాను గదే మనసులో! రోజూ కట్టుకుంటన్నాను గదే!" అంది. సుస్మితకు అమ్మ మొహం నెల రోజుల తర్వాత మొదటిసారి స్పష్టంగా కనిపించినట్టయింది. ఇన్నాళ్లూ తను జబ్బుపడ్డ పిల్లలా తేలుతూ ఉంటే, అమ్మ అడుగున మునిగిపోతూ ఉందని అప్పుడు తెలిసింది. సిగ్గు కంటే ఆ తెలియడమే ఎక్కువ బాధపెట్టింది.

"తాగు," అంది ధనమ్మ మిగిలిన బొండం అందించి. "ఎవుడో ఏటో తరవాత. ముందు తాగు."

సుస్మిత రెండు చేతులతో పట్టుకుని తాగింది. అంత తియ్యటి నీళ్లు ఈ తోటలోనే ఉన్నాయా అనిపించింది.

ఇంతలో ధనమ్మ నుదురు కొట్టుకుంది. "ఓలమ్మో! నాను ఆ ప్రమోదినికి ఫోన్ సేసీసినాను! కిడ్నీలు బాగున్నాయని సెప్పేసినాను! అక్కుపల్లి ఒడ్డునే ఉన్నాను, పది నిమసాల్లో వత్తానని అంది."

పది నిమిషాలు కూడా పట్టలేదు. గేటు దగ్గర బండి ఆగడం, "అమ్మా, శుభవార్తకి ముందు స్వీట్ పెట్టండి!" అంటూ ప్రమోదిని ఫోన్‌ను కర్రకు బిగించుకుంటూ రావడం ఒకేసారి జరిగాయి. పాతికేళ్ల పిల్ల. చెడ్డది కాదు. మొదటి వీడియో తీసినప్పుడు నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. అయితే కన్నీళ్లు పెట్టుకుంటూనే ఫోన్‌ను వెలుతురు వైపు తిప్పుకోవడం కూడా ఆమెకు వచ్చు.

"ఇపుడొద్దమ్మా. పిల్ల నీరసంగా ఉంది," అంది రత్నాలమ్మ.

"రెండే నిమిషాలు ఆంటీ. పన్నెండు లక్షలమందిని ఏడిపించాం. నవ్వించొద్దా? లైవ్ పెట్టేస్తున్నా." వద్దనే లోపల ఎర్ర చుక్క వెలిగింది. "ఫ్రెండ్స్, మీ ప్రార్థనలు ఫలించాయి! మన సుస్మిత కిడ్నీలు హండ్రెడ్ పర్సెంట్ బాగున్నాయి! చెప్పు సుస్మితా, మరి ఆ వాంతులు ఎందుకయ్యాయంటున్నారు డాక్టర్లు?"

సుస్మితకు ఫోన్ అద్దంలో తన మొహమే కనిపిస్తోంది. ఆ మొహం ఇక రాలిపోయే మొగ్గ కాదు. మరి ఏమిటో ఇంకా పేరు లేదు.

"రక్తం తక్కువంట!" ధనమ్మ అడ్డం వచ్చేసింది. జీవితంలో కెమెరా ముందు నోరు విప్పడం అదే మొదలు. "గుంట ఏటీ తినదు. రక్తం నేదు ఒంట్లో. అంతే!"

ప్రమోదిని ఫోన్‌ను రత్నాలమ్మ వైపు తిప్పింది. రత్నాలమ్మ, "రక్తం తక్కువే," అంది. అది అబద్ధమేమీ కాదు, ఆ మండలంలో ఆడపిల్లల్లో సగంమందికి తక్కువే. చూసేవాళ్లందరూ తెర మీద దండాలు పెట్టారు. ఎర్ర చుక్క ఆరిపోయింది.

ధనమ్మ ఊపిరి పీల్చుకుంది. ప్రమోదిని మంచం మీద కూర్చుని సుస్మిత భుజం చుట్టూ చెయ్యి వేసింది. అప్పుడు సుస్మిత ఎవరూ అనుకోని ప్రశ్న వేసింది.

"అక్కా, పోయిన ఏడాది ఒక పిల్ల గురించి వీడియో చేశారు. ప్రేమ పేరుతో మోసపోయిన మైనర్ అని. గుర్తుందా?"

"ఆ, అది బాగా వెళ్లింది. ఫేస్ బ్లర్ చేశాను కదా."

"ఫేస్ బ్లర్ చేశారు. వాళ్లింటి అరుగు చెయ్యలేదు. అరుగు మీద ఆరేసిన మా కాలేజీ చున్నీ చెయ్యలేదు. మధ్యాహ్నానికి మా క్లాసంతటికీ తెలిసిపోయింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు."

ప్రమోదిని చెయ్యి భుజం మీద నుంచి జారింది. "నేను ఆ పిల్లకి న్యాయం జరగాలనే..."

"నేను కూడా కామెంట్ పెట్టానక్కా దాని కింద. ఈ వయసులో ఇదేం బుద్ధి, ఇంట్లో వాళ్లు ఏం చేస్తున్నారు, అని." సుస్మిత గొంతు వణకలేదు గానీ కళ్లు నిండిపోయాయి. "నూట పదిమంది లైక్ కొట్టారు. సంతోషపడ్డాను."

ప్రమోదిని ఆమె వంక అదోలా చూసింది. అడగాల్సింది ఏదో ఉందని ఆమెకు తోచింది, అదేమిటో ఇంకా అందలేదు. మాట మార్చడానికన్నట్టు ఫోన్ చేతికిచ్చింది. "అవన్నీ ఎందుకిప్పుడు? చూడు, నీ కోసం ఎంతమంది సంతోషిస్తున్నారో."

వందల దండాలు. పువ్వులు. దేవుడి బొమ్మలు. సుస్మిత వేలు వాటిని పైకి తోస్తూ పోయింది. ఒకచోట ఆగింది. మణికంఠ. పేరు పక్కన బీచ్‌లో దిగిన ఫోటో.

"సుస్మీ, కిడ్నీలు బాగున్నాయా? అయితే ఆ రోజు నువ్వు ఫోన్‌లో చెప్పింది నిజమేనా?"

అందరూ చూసే చోట రాశాడు. తొందరలో రాశాడో, భయంలో రాశాడో, బుర్ర లేక రాశాడో. దాని కింద అప్పటికే జనం చేరారు. "ఏం చెప్పింది బ్రో?" అని ఒకడు. "వాంతులు అంట, ఫోన్‌లో చెప్పింది అంట, అర్థం కాలేదా బాబులూ" అని ఇంకొకడు. దాని కింద పకపకా నవ్వే బొమ్మలు. అవి చూస్తుండగానే పెరుగుతున్నాయి.

ధనమ్మ కూతురి భుజం మీదుగా వంగి కూడబలుక్కుంది. "మ... ణి... కంఠ. ఎవుడే ఈడు?"

ప్రమోదిని ఫోన్ వెనక్కి లాక్కుంది. చదివింది. మళ్లీ చదివింది. సుస్మిత మొహం చూసింది, ధనమ్మ మొహం చూసింది, తల తిప్పుకున్న రత్నాలమ్మను చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ఆమె బొటనవేలు ఆ కామెంటు మీదికి వెళ్లింది. చెరిపేయడానికో, దాచుకోవడానికో ఆమెకే తెలియనట్టు అక్కడే ఆగింది.

అప్పుడే ఆ అద్దం మీద ఇంకో పేరు వెలిగింది. జగదీష్ సార్. ఛానల్ ఓనర్. లైవ్ అయిపోయి మూడు నిమిషాలు కూడా కాలేదు. ఆ కామెంటు చూసి ఆయన ఎందుకు చేస్తున్నాడో ఆ తోటలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. ప్రమోదిని కట్ చేయలేదు, ఎత్తనూ లేదు. రత్నాలమ్మ లేచి నిలబడింది. ధనమ్మ కూతురికి అడ్డంగా వచ్చింది.

సుస్మిత అమ్మను మెల్లగా పక్కకు జరిపింది. మంచం దిగి, నెల రోజుల తర్వాత తన కాళ్ల మీద తిన్నగా నిలబడింది.

"స్పీకర్ ఆన్ చేసి ఎత్తండక్కా," అంది. "నా గురించే కదా. నేను కూడా వింటాను."